మార్చిన కూలి, చూసిన కూలి

2024 వేసవిలో మా కారుకు ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు ఇంజన్ ఆగకుండా నెమ్మదిగా తిరగడం, నిలవకపోవడం మొదలైంది. ఉదయం తాళం తిప్పగానే ఇంజన్ చక్కగా అందుకునేది, మొదటి ఐదారు నిమిషాలు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. బాగా వేడెక్కాక అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఆగితే మాత్రం, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు 1,400 దాకా ఎగబాకి, వెంటనే 500కు జారి, మళ్ళీ ఎక్కేది. ఏసీ వేసి ఉంటే ఆ జారుడులోనే బండి ఆగిపోయేది. జాతీయ రహదారి మీద గుత్తి వైపు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నంతసేపూ అదే ఇంజన్‌ను వేలెత్తి చూపడానికి ఏమీ ఉండేది కాదు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 11కు పడిపోయింది. సైలెన్సర్ మూతి మసిబారింది. ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి పచ్చి పెట్రోలు వాసన వచ్చేది.

మా నాన్న గుత్తి డీజిల్ షెడ్డులో ఉద్యోగ విరమణ చేసి, చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి 2004 నవంబరులో కొన్న చిన్న పెట్రోలు కారు ఇది. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ 2019లో ముగిస్తే మరో ఐదేళ్ళకు పొడిగించుకున్నాం. 2024 నవంబరులో మళ్ళీ పొడిగించాలి, దానికి పొగ పరీక్ష నెగ్గాలి. ఆ సంవత్సరం బండిని బాగుచేయించడమో, తూకానికి అమ్ముకోవడమో ఏదో ఒకటి తేలిపోవాల్సి ఉంది. ఆయన పోయాక ఆ బండి స్టీరింగు పట్టుకోవడమే నాకు ఆయనతో మిగిలిన సాంగత్యం కనుక, అమ్మే ఆలోచన నేను ఎన్నడూ చేయలేదు.

అక్కడి నుంచి నాలుగు నెలల్లో మూడు షెడ్లు తిరిగాను. మొదటి చోట ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు, 1,400 రూపాయలు. ఒక వారం బాగుంది. రెండో చోట ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు, కొత్తది 3,200. పది రోజులు బాగుంది. మూడో చోట ఐడ్లింగ్‌కు గాలి వదిలే వాల్వు మార్చారు, 4,500. అదీ ఒక వారమే. నాలుగోసారి వెళ్తే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ మార్చి చూద్దామన్నారు. "మార్చి చూద్దాం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మార్చడం, చూడడం రెండు వేరువేరు పనులు. చూశాక మార్చాలి. ఆ క్రమం తలకిందులైన కారణంగానే నా 9,100 రూపాయలు పోయాయి. ఆ తప్పులో మెకానిక్కుల వాటా ఎంత ఉందో, బండి యజమానులుగా మన వాటా అంతకంటే ఎక్కువ ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఐడ్లింగ్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ పలక దాదాపు పూర్తిగా మూసుకుపోతుంది. అయినా ఇంజన్ ఆగకుండా ఉండాలంటే దానికి కొద్దిగా గాలి, ఆ గాలికి సరిపోయేంత పెట్రోలు అందాలి. కార్బురేటర్ కాలంలో ఈ పని ఒక స్క్రూ, ఒక సన్నని జెట్టు చేసేవి. చెవి బాగున్న మెకానిక్కు స్క్రూడ్రైవరుతో రెండు నిమిషాల్లో ఐడ్లింగ్ కుదిర్చేవాడు. ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజన్లు వచ్చాక ఆ పని ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు చేతికి పోయింది. థ్రాటిల్ మూసి ఉందని ఒక సెన్సర్ చెప్పాలి. ఇంజన్ ఎంత గాలి పీలుస్తోందో మరొకటి చెప్పాలి. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఇంకొకటి చెప్పాలి. వీటన్నిటినీ విని, ఈసీఎం ఐడ్లింగ్ వాల్వును కొంచెం తెరిచో మూసో, ఇంజెక్టర్లను మిల్లీసెకనులో కొంత భాగం ఎక్కువో తక్కువో తెరిచి ఉంచో, వేడెక్కిన ఇంజన్‌ను 800 ఆర్‌పీఎంకు అటూ ఇటూగా నిలబెడుతుంది.

మా బండిలాంటి ఆ నాటి చిన్న కార్లలో చాలావాటికి గాలిని నేరుగా కొలిచే పరికరం లేదు. థ్రాటిల్‌కు లోపలి వైపు, అంటే మానిఫోల్డులో పీడనం ఎంత ఉందో మ్యాప్ సెన్సర్ చెబితే, దాన్నిబట్టి గాలి ఎంత వెళ్తోందో ఈసీఎం లెక్క కడుతుంది. ఈ తేడా తెలియకపోతే లోపం వెతికే దారే తప్పుతుంది. గాలిని నేరుగా కొలిచే బండిలో ఏదైనా వాక్యూమ్ గొట్టం చిరిగితే, కొలతకు అందని గాలి లోపలికి వెళ్ళి గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. మ్యాప్ సెన్సర్ ఉన్న బండిలో అదే గొట్టం చిరిగితే మానిఫోల్డు పీడనం పెరుగుతుంది, ఈసీఎం దానికి తగ్గట్టు పెట్రోలు పెంచుతుంది, మొత్తంగా ఐడ్లింగ్ ఎక్కువై కూర్చుంటుంది. లక్షణం ఒకటే కదా అని రెండు బండ్లకూ ఒకే మందు వేస్తే ఏదో ఒక దానికి వికటిస్తుంది.

ఇప్పుడు ఆ ఆక్సిజన్ సెన్సర్ సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఈ సెన్సర్, కాలిన గాలిలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. పెట్రోలు ఎక్కువైతే 0.8 దగ్గర, తక్కువైతే 0.2 దగ్గర నిలిచిపోతుంది. మా బండిలో అది 0.8 దగ్గర నిలిచిపోయి ఉందని మీటరు పెట్టి చూశారు. చూడడం మంచిదే. అక్కడి నుంచి "ఊగడం లేదు కాబట్టి సెన్సర్ చచ్చిపోయింది" అన్న నిర్ణయానికి వచ్చేశారు. ప్లగ్గులు మసిపట్టి ఉన్నాయి, మూతి నల్లబడి ఉంది, పెట్రోలు వాసన వస్తోంది. పెట్రోలు నిజంగానే ఎక్కువ పోతోందని మూడు చోట్ల కనిపిస్తూ ఉంటే, అదే మాట చెప్పిన సెన్సర్‌ను తీసి పడేశారు. కొత్తది వేశాక కొద్ది రోజులకు అదీ అక్కడే, 0.8 దగ్గరే నిలబడింది. ఇరవై ఏళ్ళ బండికి ఆక్సిజన్ సెన్సర్ పోకూడదని లేదు. అయితే దాన్ని అనుమానించే ముందు ఒక చిన్న పని చేయవచ్చు. నడుస్తున్న ఇంజన్‌కు ఒక వాక్యూమ్ గొట్టాన్ని క్షణకాలం ఊడదీసి, కొంచెం గాలి అదనంగా పోనిచ్చి, ఆ వోల్టేజీ కిందికి దిగుతుందో లేదో చూడాలి. దిగితే సెన్సర్ బతికే ఉన్నట్టు. ఇందుకు ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు.

ఈలోగా తెలిసినవాళ్ళందరూ కొత్త పెట్రోలు మీద నేరం మోపడం మొదలుపెట్టారు. బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాలు 2022లో 10 శాతానికి, 2025కల్లా 20 శాతానికి చేరింది; పాత బండ్ల రబ్బరు గొట్టాల గురించి, గ్యాస్కెట్ల గురించి ఆందోళన పడవలసిందే. నేనూ పెట్రోలు గొట్టాలు పరీక్షించుకున్నాను. మా బండి జబ్బుకు మాత్రం అది కారణం కాజాలదు. ఇథనాలులో ఆక్సిజన్ ఉంటుంది, అది కాలడానికి తక్కువ గాలి చాలు. ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాలుకు 9 పాళ్ళు. కాబట్టి ఇథనాలు ఎక్కువైన పెట్రోలు, పాత లెక్కతో నడిచే ఇంజన్‌లో మిశ్రమాన్ని పలచన చేయాలి. మాది చిక్కబడింది. నోటికొచ్చిన కారణం కళ్ళెదుటి మసితో పొసగడం లేదని ఎవరూ ఆగి చూడలేదు.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఓమ్ నియమం ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నవాణ్ణి, బండి విషయంలో మీటరు పట్టుకోవడానికి 9,100 రూపాయలు పోయేదాకా ఎందుకు ఆగానో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాను. నాన్న షెడ్డులో పనిచేసిన రోజుల్లో ఏ ఇంజన్ వచ్చినా ముందు దాని పుస్తకం తెరిచి, ఎప్పుడు ఏం జరిగిందో చదివాకే పానా పట్టేవాళ్ళమని చెప్పేవారు. నేనూ ఒక నోటుపుస్తకం పెట్టి, లక్షణం ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అన్నది రెండు రోజులు రాశాను. చల్లని ఇంజన్‌కు రాదు. వేడి ఇంజన్‌కు వస్తుంది. కాలు నొక్కితే రాదు. కాలు తీస్తే వస్తుంది. ఏ పని చేయించినా ఒక వారం పది రోజులు రాదు. చివరి వాక్యం రాసినప్పుడు దాని విలువ నాకు తెలియదు.

పాత బండ్లలో స్కానర్ తగిలించే సదుపాయం అందరూ అనుకున్నట్టు ఉండదు. బండి తన లోపాలను తానే కనిపెట్టి నమోదు చేసుకునే ఏర్పాటును ఓబీడీ అంటారు; మన దేశంలో కార్లకు ఓబీడీ-1 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. 2004 నాటి మా బండిలో డాష్‌బోర్డు కింద ఒక చిన్న కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లగ్గు ఉంటుంది. అందులో రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపితే ఇంజన్ లైటు మిణుకుమంటూ అంకెలు చెబుతుంది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగింది. పన్నెండు. ఆ బండి భాషలో పన్నెండు అంటే లోపమేమీ నమోదు కాలేదని అర్థం. ఇది వినగానే సెన్సర్లన్నీ బాగున్నాయని అనుకోవడం సహజం, నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పు. సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీ 5 వోల్టుల దాకా పోయినప్పుడో, సున్నాకు పడిపోయినప్పుడో మాత్రమే ఈసీఎం దాన్ని లోపంగా రాసుకుంటుంది. నమ్మదగిన పరిధిలోనే ఉంటూ తప్పు అంకె చెప్పే సెన్సర్‌ను అది పట్టుకోలేదు. 80 డిగ్రీల నీళ్ళను 60 అని చెబితే, ఉండవచ్చులే అనుకుంటుంది.

గొట్టాలు ముందు చూశాను. పెట్రోలో, కార్బురేటర్ క్లీనరో గొట్టాల మీద చల్లి లీకు పట్టే అలవాటు మన షెడ్లలో ఉంది. మన ఎండల్లో, కాలుతున్న సైలెన్సర్ పక్కన అది నిప్పుతో చెలగాటం. దయచేసి ఎవరూ చేయవద్దు. ఒక్కో గొట్టాన్ని గుడ్డ చుట్టిన పటకారుతో నొక్కి పట్టుకుని ఐడ్లింగ్ మారుతుందేమో చూస్తే చాలు. బ్రేకు బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేసు ఆవిరి గొట్టం రెండూ బాగానే ఉన్నాయి.

తరువాత నీటి ఉష్ణోగ్రత సెన్సర్‌ను విప్పి వంటింట్లోకి తీసుకుపోయాను. వేడి పెరిగేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓములు, 80 దగ్గర 300 ఓముల పైచిలుకు. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మామీటరు, సెన్సర్ రెండూ ముంచి, పొయ్యి సన్నగా పెట్టి, పది డిగ్రీలకొకసారి రాసుకుంటూ పోయాను. 40 దగ్గర 1,150 ఓములు, 80 దగ్గర 320. నిక్కచ్చిగా ఉంది. తిరిగి బండికి బిగించి, ఇంజన్ వేడెక్కాక దాని వైరు మీద వోల్టేజీ కొలిస్తే 0.86 వచ్చింది. నా లెక్క ప్రకారం 0.55 రావాలి. సెన్సర్ మంచిదే, ఈసీఎంకు చేరుతున్న మాట మాత్రం తప్పు. ఇక్కడ నా తెలివి అయిపోయింది. వైరింగ్ చిత్రం నా దగ్గర లేదు, ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలియదు.

కమలానగర్ వైపు ఒక సందులో ఆటో ఎలక్ట్రికల్ పనులు చేసే పెద్దాయన ఒకరున్నారని మా కళాశాల అటెండరు చెప్పాడు. డైనమోలు, సెల్ఫు మోటార్లు చుట్టుకుంటూ జీవితం గడిపిన మనిషి. బండి తీసుకుపోయి, మార్పించినవన్నీ వరసగా చెప్పాను. నోటుపుస్తకం చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ తీరిగ్గా చదివి, "మార్చినవన్నీ మంచివే సార్. జబ్బు మాత్రం అట్లనే ఉండాది" అన్నారు. తరువాత, "చేయి పెట్టిన ప్రతిసారీ వారం బాగుంటాందంటే, చేయి తగిలిన చోటే యాడో ఉండాది" అన్నారు. నేను విలువ తెలియక రాసిన వాక్యాన్ని ఆయన మొదటే అందుకున్నారు. ఏ భాగం విప్పాలన్నా బ్యాటరీ పక్కన ఉన్న వైర్ల కట్టను కదిలించక తప్పదు. బాగైంది కొత్త సెన్సర్ వల్ల కాదు, ఆ కదలిక వల్ల కావచ్చు.

ఆయన చేసిన పనిని నేను ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరి బండికైనా పనికొస్తుంది. మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి, ఎర్ర తీగను ఇంజన్ లోహం మీద ఆనించారు. ఇంజన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా 0.04 వోల్టులు. ఇంజన్ ఎర్తు బాగుంది. ఈసీఎం ఎర్తు వైరు మీద ఆనిస్తే 0.03. అదీ బాగుంది. అప్పుడు థ్రాటిల్ సెన్సర్‌కు వచ్చే మూడు వైర్లలో తిరుగు వైరు, అంటే సెన్సర్ నుంచి ఈసీఎంకు వెనక్కి పోయే ఎర్తు వైరు మీద సూది గుచ్చారు. 0.35. "ఇక్కడ సున్నా రావల్ల సార్" అన్నారు. మ్యాప్ సెన్సర్ తిరుగు వైరు మీద కూడా 0.35. నీటి సెన్సర్‌దీ అంతే. మూడింటి తిరుగు వైర్లు ఒక చోట కలిసి, ఒకే తీగగా ఈసీఎంకు పోతాయి. ఆ ఉమ్మడి తీగలో ఎక్కడో అడ్డంకి ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే, నాలుగు నెలలుగా నన్ను వేధించిన ప్రతి లక్షణమూ ఒకదాని తరువాత ఒకటి అందులోకి వచ్చి ఒదిగింది. మూడు సెన్సర్లూ కలిసి లాగే కరెంటు సుమారు 12 మిల్లీయాంపులు. ఆ దారిలో 30 ఓముల అడ్డంకి ఉంటే మూడో వంతు వోల్టుకు పైగా అక్కడే నిలిచిపోతుంది. అంటే సెన్సర్ల దృష్టిలో నేల మట్టమే అంత పైకి లేచింది. మట్టం లేచినప్పుడు పైన ఉన్న వోల్టేజీలకు పెద్దగా తేడా రాదు, కింద ఉన్నవి బాగా మారిపోతాయి. కాలు పూర్తిగా నొక్కినప్పుడు 4.2 చెప్పవలసిన థ్రాటిల్ సెన్సర్ 4.26 చెబుతుంది, ఎవరికీ తెలియదు. కాలు తీసినప్పుడు 0.5 చెప్పవలసింది 0.81 చెబుతుంది, ఈసీఎం దాన్ని విని ఇంకా కాలు కొంచెం నొక్కే ఉందనుకుంటుంది. ఐడ్లింగ్ నిలబెట్టే పని అది ఒకసారి చేపట్టి, ఒకసారి వదిలేస్తుంది. ముల్లు ఎక్కి దిగుతుంది. ఏసీ వేసినప్పుడు గాలి పెంచాలన్నది దానికి తట్టదు, బండి ఆగిపోతుంది. మ్యాప్ సెన్సర్ వేగంలో నిజం చెబుతూ, ఐడ్లింగ్‌లో 1.3కు బదులు 1.56 చెబుతుంది, నా అంచనాలో అది ఒక్కటే పదిహేను శాతం పెట్రోలు పెంచగలదు. చల్లని నీళ్ళకు సెన్సర్ వోల్టేజీ ఎక్కువ కనుక ఉదయం తేడా తెలియదు; వేడెక్కాక 80 డిగ్రీలను 63గా చెబుతుంది, ఈసీఎం ఇంజన్ ఇంకా కాగలేదనుకుని మరికొంత పెట్రోలు పోస్తుంది. దేనికీ హద్దు దాటలేదు కనుక లైటు వెలగలేదు. ఎర్తు దారి వేరుగా ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఒక్కటే చివరిదాకా నిజం చెప్పింది, దాన్నే మేము ముందు తీసేశాం.

అడ్డంకి బ్యాటరీ పళ్ళెం కింద ఉన్న కప్లర్‌లో దొరికింది. పద్నాలుగు పిన్నుల్లో ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. అనంతపురంలో బండి కడిగేది ఎక్కువగా బోరునీళ్ళతోనే. గిన్నె అడుగున తెల్లగా పొరకట్టే ఆ నీళ్ళు ఎన్ని ఏళ్ళుగానో ఆ కప్లర్‌లోకి దిగుతూ, ఆరుతూ, ఉప్పు మిగుల్చుతూ వచ్చాయి. వర్షం తక్కువ ఊరు కదా, తుప్పు భయం లేదని మనం అనుకుంటాం. వర్షం చేయని పని వాటర్ సర్వీసింగ్ చేసింది. పెద్దాయన ఆ పిన్నును గీకి, క్లీనర్ కొట్టి, దాని పట్టును సూదితో కొంచెం బిగించి, గ్రీజు రాసి మూశారు. మూడో షెడ్డులో ఐడ్లింగ్ పెంచడానికని తిప్పిన థ్రాటిల్ స్క్రూను పాత గుర్తు దగ్గరకు తెచ్చారు. ఎంపీఎఫ్ఐ బండిలో ఆ స్క్రూ ముట్టుకోవడమే తప్పని ఆయన అభిప్రాయం, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. తిరుగు వైరు మీద మీటరు 0.02 చూపింది. ఇంజన్ 820 దగ్గర నిలబడింది. ఏసీ వేశాం. ఒక్కసారి వంగి, మళ్ళీ 900 దగ్గర లేచి నిలబడింది.

రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఎంత ఇవ్వమంటారు భాయ్ అని అడిగితే, "క్లీనర్ కొట్టినాం కదా, నూటాయాభై ఇవ్వండి" అన్నారు. నేను వెయ్యి రూపాయలు తీస్తే ఆయన నొచ్చుకున్నారు. "వస్తువేం వేయలేదు కదా సార్, దేనికని తీసుకునేది?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మూడు షెడ్లలో లోపం తప్ప అన్నీ మార్చినందుకు 9,100 ఇచ్చాను, ఎక్కడా బేరం కూడా ఆడలేదు, ఎందుకంటే చేతిలో పెట్టెలు కనిపించాయి. లోపాన్ని వేలు పెట్టి చూపినవాడు తన రెండు గంటల చూపుకు ధర ఉంటుందని తానే నమ్మడం లేదు. ఆయనను అలా నమ్మకుండా చేసింది మనమే. "ఊరికే చూసినందుకు డబ్బులా?" అని ముప్ఫై నలభై ఏళ్ళుగా ప్రతి గిరాకీ అడుగుతూ వచ్చిన మాట అది. చూసినందుకు రూపాయి రాని చోట, ఇల్లు గడవాలంటే మెకానిక్కు ఏదో ఒకటి మార్చక తప్పదు. కొత్త భాగం మీద మిగిలే కమీషనే అతని కూలి. అటువంటప్పుడు అరగంట మీటరు పట్టుకుని కూర్చోవడం అతనికి నష్టం, మొదట తోచిన సెన్సర్ మార్చడం లాభం. అతను దొంగ కానక్కరలేదు. మనం పెట్టిన లెక్క అతన్ని అక్కడికే తోస్తుంది.

చూపుకు డబ్బులివ్వడం మనకు తెలియని ఆచారం కూడా కాదు. ఈ జిల్లాలో బోరు వేయించే ముందు పాయింటు చూసేవారిని పిలవని రైతు అరుదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచి, అది లేచిన చోట సున్నం గీత గీసి పోయేవాడికి వేలల్లో ఇస్తాం. వందల అడుగులు తవ్వినా దుమ్మే వస్తే, ఇచ్చిన డబ్బులు వెనక్కి అడగం, మన అదృష్టమింతే అనుకుంటాం. నేలలో నీళ్ళెక్కడున్నాయో చెప్పిన మాటకు కూలి ఉంది. వైర్ల కట్టలో లోపమెక్కడుందో, ఊహతో కాకుండా మీటరుతో, మన కళ్ళెదుటే అంకె చూపించి చెప్పిన మాటకు లేదు. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను.

దీనికి ఎదురుగా వినిపించే మాట నాకు తెలుసు. చూసిన కూలి ముందే ఇస్తామంటే, చూసినట్టు నటించి డబ్బులు తీసుకునేవారు బయలుదేరరా? బయలుదేరుతారు. అందుకే నేను అడిగేది అంకెలు. ఎక్కడ కొలిచారు, ఎంత వచ్చింది, ఎంత రావాలి, ఈ మూడూ కాగితం మీద రాసి ఇస్తే అది చూసిన పని. తెలియనివాడు కూడా ఆ కాగితం మరో షెడ్డుకు తీసుకుపోయి సరిచూసుకోవచ్చు. ఒట్టి నోటిమాటగా "సెన్సర్ పోయింది" అంటే, అది చూసిన పని కాదు. మూడు షెడ్లలో ఏ ఒక్కరు తిరుగు వైరు మీద అంకె రాసి ఇచ్చి ఉన్నా, నాలుగు నెలలు కాదు, నాలుగు రోజుల్లో ఇది తేలేది.

కొత్త బండ్లకు ఈ బాధ ఉండదు, స్కానర్ అన్నీ చెబుతుంది అనేవారితో కూడా నేను ఏకీభవించలేను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కార్లలో మా బండిలో ఉన్నవాటికి ఎన్నో రెట్లు సెన్సర్లుంటాయి. పదిహేనేళ్ళకు అవీ పాతవవుతాయి, వాటి కప్లర్లలోకీ ఇవే బోరునీళ్ళు దిగుతాయి. స్కానర్ తెర మీద కనిపించేది ఈసీఎం విన్న మాట, సెన్సర్ అన్న మాట కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న తీగను మనిషే మీటరు పట్టుకుని నడిచి చూడాలి. ఆ నడక నేర్చినవారు మా ఊళ్ళో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆ పెద్దాయన దగ్గర ఒక కుర్రాడు పని నేర్చుకుంటున్నాడు. చూపుకు ధర లేని పనిలో అతను ఎన్నాళ్ళు నిలుస్తాడన్నది నా భయం.

అక్టోబరు చివరలో పొగ పరీక్షలో బండి నెగ్గింది, నవంబరులో రిజిస్ట్రేషన్ పొడిగించారు. తీసేసిన పాత ఆక్సిజన్ సెన్సర్‌ను, ఐడ్లింగ్ వాల్వును పెద్దాయన మళ్ళీ పరీక్షించి, రెండూ పనికొస్తాయని చెప్పి, డబ్బాలో పెట్టి ఇచ్చారు. మైలేజీ పద్నాలుగున్నర దాకా వచ్చింది.

మొన్న జనవరిలో మా పక్కింటి వారి పాత కారు దారిలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. వారిని వెంటబెట్టుకుని పెద్దాయన దగ్గరకు వెళ్ళి, ఈసారి బానెట్ ఎత్తకముందే మాట్లాడుకున్నాం. గంటకు 300 రూపాయలు చూసిన కూలి, భాగాలు వేస్తే వాటి ఖర్చు వేరు, కొలిచిన ప్రతి అంకె కాగితం మీద ఉండాలి. ఆయన కాసేపు మొహమాటపడి, కుర్రాడిని పెన్ను తెమ్మన్నారు. ఆ రోజు రెండు గంటలు చూసినా బండి ఒక్కసారీ ఆగలేదు, లోపం దొరకలేదు. కాగితం మీద పదకొండు అంకెలున్నాయి, అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. మా పక్కింటాయన నా వైపు ఒకసారి చూసి, 600 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. పెద్దాయన ఈసారి వద్దనలేదు. "ఇంజన్ బాగా కాగినాక, ఆగిపోయిన చోటు నుంచే ఫోన్ చేయండి, మీటరు తీసుకుని నేనే వస్తా" అన్నారు.